కాస్త జరగండి, పాపాయి వచ్చింది

మా తమ్ముడు ఊరి నుంచి వస్తూ ఇంటాముదం సీసా ఒకటి తెచ్చాడు. దారిలో ఒలికిపోకుండా మూతకి ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఆ పైన న్యూస్‌పేపర్లో చుట్టి మరీ తెచ్చాడు. మా అమ్మాయికి రెండో కాన్పు. హైదరాబాదులో మా ఇంటికే పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డల్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన మర్నాడే వీడు బస్సు దిగాడు. వంటింటి గట్టు మీద పెట్టి సీసా మూత తీశానో లేదో, ఇల్లంతా ఆ వాసన. మిల్లు ఆముదానికి అది రాదు. కాస్త మాడినట్టు, కాస్త పొగచూరినట్టు, చిక్కగా ఉంటుంది. ఆముదపు గింజలు వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దని నీళ్ళలో వేసి చాలాసేపు ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తేర్చి, మళ్ళీ తడి అంతా ఇగిరేదాకా కాచాలి. మా నాయనమ్మ పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఈ పని పెట్టిందంటే మా వీధిలో ఎవరూ విడిగా అడగక్కర్లేదు. ఆ ఇంట్లో ఎవరికో నెలలు నిండుతున్నాయని అర్థం.

సీసా మూత పెట్టేశాను గానీ నా ఆలోచనలు మా ఊరి ఇంట్లో పురుళ్ళు పోసే పడమటి గదిలోనే ఉండిపోయాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

*

మాది కృష్ణా జిల్లాలో పామర్రు దగ్గర ఓ పల్లెటూరు. బెజవాడ నుంచి బందరు వెళ్ళే బస్సు దిగి, కాలవ గట్టు వెంట కాసేపు నడవాలి. ముందు వసారా, లోపల నడవా, దానికి అటూ ఇటూ తూర్పు గది, పడమటి గది, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి, పశువుల పాక. ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మానాన్న, ఇద్దరు బాబాయిలు, పిన్ని, పిల్లలం. ముగ్గురు మేనత్తలకీ అది పుట్టిల్లు కాబట్టి వాళ్ళ పురుళ్ళన్నీ అక్కడే. మా అమ్మకి చిన్నప్పుడే తల్లి పోయింది, పుట్టింట్లో చేసే దిక్కు లేదు. అందుకని అమ్మ పురుళ్ళు కూడా అక్కడే పోశారు. పిన్ని ఒక్కతే తెనాలి వెళ్ళేది. నాకు ఊహ తెలిశాక చాలా ఏళ్ళపాటు ఆ పడమటి గది ఖాళీగా ఉన్న ఏడాది లేదు. బస్సు ఆగే చోట గోడ మీద ఎర్ర త్రికోణం గీసి, ‘చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం’ అని రాసి ఉండేది. మేం పిల్లలం బడికి వెళ్తూ దాన్ని కూడబలుక్కుని చదివేవాళ్ళం. ఆ మాట మా ఇంటి దాకా రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

మా ఇంట్లో పడకలకి ఒక వరస ఉండేది. పసిబిడ్డ తల్లి పక్కలో. దాని పైది నాయనమ్మ నులక మంచం మీద. ఆ పైవాళ్ళు నడవాలో పొడుగు చాప మీద వరసగా. మగపిల్లలు ఇంకాస్త ఎదిగితే వసారాలో బాబాయిల దగ్గర. కొత్త బిడ్డ పుట్టినప్పుడల్లా ఈ వరస మొత్తం ఒక చోటు జరిగేది. తల్లి పక్కలోది నాయనమ్మ మంచం ఎక్కేది, మంచం మీదది చాప మీదకి దిగేది, చాప చివర పడుకునేవాడు దుప్పటి చంకన పెట్టుకుని వసారాలోకి పోయేవాడు. పురుడొచ్చిన రాత్రి నాయనమ్మ పడమటి గది తలుపు తీసుకుని బయటికొచ్చి, మగా ఆడా అన్నది చెప్పకముందే మా వైపు చూసి అనేది: “కాస్త జరగండర్రా, పాపాయి వచ్చింది.”

నా వంతు వచ్చేసరికి నాకు నాలుగేళ్ళు ఉంటాయేమో. అమ్మ కొంగు చివర గుప్పిట్లో ఉంటే గానీ నిద్రపోయేదాన్ని కాదట. ఆ రాత్రి నాయనమ్మ అమ్మ పాత చీర ఒకటి తెచ్చి, దాని చెంగు నా చేతికి చుట్టి తన పక్కన పడుకోబెట్టింది. చీరలో పసుపు వాసన, వంటింటి పొగ వాసన. అది మాత్రం ఎవరో చెబితే తెలిసింది కాదు, నాకే గుర్తుంది. మర్నాడు పొద్దున్నే నాకో పని అప్పజెప్పింది. ఉయ్యాల దగ్గరికి పిల్లి రాకుండా చూడటం. “ఇది నీ పని. నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యకూడదు” అని అందరి ముందూ చెప్పింది. చోటు జరిగిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఇలా ఓ పని ఇవ్వడం ఆవిడ పద్ధతి. ఒకడికి దండెం మీద పొత్తిగుడ్డల కాపలా, ఒకత్తెకి సాంబ్రాణి డబ్బా, ఒకడికి దిష్టి తీసిన ఉప్పూ మిరపకాయలూ తీసుకెళ్ళి పొయ్యిలో వెయ్యడం. పెద్దపిల్ల చంటిదాన్ని గిల్లుతోందని, మళ్ళీ పక్క తడుపుతోందని దిగులుపడే తల్లుల్ని తర్వాత చాలామందిని చూశాను. మా ఇంట్లోనూ ఆ ఏడుపులు లేకపోలేదు, కానీ ఎక్కువ రోజులు నిలిచేవి కావు. పుస్తకాలేవీ చదవని నాయనమ్మకి ఆ కిటుకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

*

మేనత్తలని ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకొచ్చేవారు. సరినెలలో ప్రయాణం పనికిరాదనేవారు. తడిబియ్యం పిండి దంచిన రోజు రోకలి చప్పుడు వీధి చివరికి వినబడేది. ఆ పిండిలో బెల్లం, నెయ్యి వేసి కలిపిన చలిమిడి, పసుపు, కుంకుమ, చీర, గాజులు పెట్టుకుని నాయనమ్మ బయల్దేరేది. చలిమిడి కడుపు చలవ కోసం. అందులో మొదటి ముద్ద కడుపుతో ఉన్న మనిషిదే. మిగిలింది ఊరంతా పంచాలి.

అత్తయ్య వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో పాత బట్టల వేట మొదలయ్యేది. తాతయ్య పంచెలు, అమ్మ వాయిల్ చీరలు, బాబాయిల లుంగీలు తీసి, ఉడకబెట్టి ఉతికి, ఎండలో మాడ్చి, చదరంగా చింపి కట్ట కట్టేవాళ్ళు. పుట్టిన బిడ్డకి కొత్త బట్ట తొడిగేవారు కాదు. ఒళ్ళు ఒరుసుకుపోతుందని. ఇంట్లో పదిమంది ఒంటి మీద నలిగి నలిగి మెత్తబడిన నూలుగుడ్డే పసిబిడ్డకి తొలి బట్ట. ఈ రోజున దుకాణంలో చిన్న చిన్న గౌన్లు చూసి నాకూ ముచ్చటేస్తుంది, కొంటాను కూడా. కానీ ఆ గుడ్డల మెత్తదనం వాటిలో లేదు.

అటక మీద నుంచి పాత బియ్యం దింపేవారు. కుంపట్లోకి బొగ్గులు, సాంబ్రాణి, శొంఠి, పిప్పళ్ళు, వాము, వసకొమ్ము ఒక్కొక్కటీ డబ్బాల్లోకి చేరేవి. పడమటి గది అలికి, గుమ్మానికి వేపమండలు కట్టి, మంచం కింద ఇనపముక్క ఒకటి పెట్టేవారు. అవి చూస్తే మాకు పండగలా అనిపించేది. పెద్దవాళ్ళ ముఖాల్లో పండగ ఉండేది కాదు. ఎందుకో అప్పుడు అర్థమయ్యేది కాదు.

*

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మా ఊరి దాకా సముద్రం రాలేదు, గాలి వచ్చింది. రాత్రంతా తలుపులకి రోకళ్ళు అడ్డం పెట్టి అందరం తూర్పు గదిలో ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. తెల్లారేసరికి కప్పు మీద సగం పెంకులు లేవు, పశువుల పాక కూలిపోయింది. మరికొన్ని రోజులకి గానీ అటువైపు వార్తలు పూర్తిగా తెలియలేదు. ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి, వేలమంది పోయారు. అవనిగడ్డ అవతల నాయనమ్మ పుట్టింటి వైపు చుట్టం ఒకావిడ ఉండేది. అప్పటికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఆ రాత్రి ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుంది. ఆవిడ భర్త ఆవిడని మా ఇంట్లో దింపి, ఊళ్ళో ఇల్లు మళ్ళీ నిలబెట్టుకోవడానికి వెనక్కి వెళ్ళాడు. మేం దివి పిన్ని అనేవాళ్ళం. ఎవరితోనూ మాట్లాడేది కాదు. నూతి గట్టు దగ్గర కూర్చుని గిన్నెలు తోమేది. తోమినవే మళ్ళీ తోమేది.

అప్పటికి మా అమ్మ కడుపుతో ఉంది. తర్వాత కొన్ని నెలలకి, పెంకుల బదులు తాటాకులు కప్పిన ఆ పడమటి గదిలో, లాంతరు వెలుగులో, తెల్లవారుజామున తమ్ముడు పుట్టాడు. ఈ ఆముదం సీసా తెచ్చినవాడే. చిన్నబాబాయి చేతిగడియారం విప్పి గుప్పిట్లో పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు, జాతకానికి టైము రాయాలి కదా. నాన్న నూతి చుట్టూ తిరుగుతున్నాడు. మేం చాప మీద కళ్ళు మూసుకుని పడుకున్నాం గానీ ఒక్కళ్ళమూ నిద్రపోలేదు. ముందు మంత్రసాని మామ్మ గొంతు, తర్వాత నాయనమ్మ దేవుళ్ళందరికీ మొక్కుకోవడం, తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు. ఆ కాసేపు ఎంత పెద్దదో! అప్పుడు ఏడుపు, సన్నగా మొదలై ఒక్కసారిగా గట్టిపడింది. బాబాయి గడియారం చూసి టైము పైకే చదివేశాడు.

మర్నాడు ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి నాయనమ్మతో గుసగుసగా చెప్పారు, దివి పిన్నిని ఆ గది వైపు రానివ్వద్దని. బిడ్డలు పోయిన మనిషి నీడ పసివాడి మీద పడకూడదట. నాయనమ్మ అప్పుడేమీ అనలేదు. పదకొండో రోజు పురుడయ్యి ఇల్లు కడుక్కోగానే నూతి దగ్గరికి తనే వెళ్ళింది. “ఏమే, నాకు వంటపని తెమలట్లేదు, కోడలు లేవలేదు. వీణ్ణి ఊపడానికి మనిషి లేదు. ఆ గిన్నెలు తర్వాత తోముదువుగాని, రా” అంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, దూలానికి కట్టిన చీర ఉయ్యాల తాడు చేతిలో పెట్టింది.

మొదట్లో పిన్ని ముఖం గోడ వైపు తిప్పుకుని తాడు లాగేది. కొన్నాళ్ళకి గుడ్డ తొలగించి లోపలికి చూడటం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యి అందరం నడుం వాల్చినప్పుడు పడమటి గదిలోంచి సన్నగా లాలిపాట వినబడింది. అది అమ్మ గొంతు కాదు. వాళ్ళ ఊళ్ళో ఆ పాట ఎవరికోసం పాడేదో మాకు తెలుసు. నడవాలో విస్తళ్ళు కుడుతున్న నాయనమ్మ చేతిలో పుల్ల అలాగే ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. రెండేళ్ళ తర్వాత దివి పిన్ని పురుడు కూడా ఆ గదిలోనే పోశారు. ఆ పిల్ల ఇప్పుడు టీచరు. మా తమ్ముణ్ణి ‘నా కంటే ముందు మా అమ్మ ఒళ్ళో కూర్చున్నవాడు’ అంటుంది.

*

మంత్రసాని మామ్మ గురించి రాయకుండా ఇది ముందుకు సాగదు. మా వీధిలో మేమందరం ఆవిడ చేతుల మీదుగా పుట్టినవాళ్ళమే. పొట్టిగా, బలంగా ఉండేది. నొప్పులు మొదలయ్యాయని కబురు వెళ్తే అర్ధరాత్రి వాన పడుతున్నా గోనెపట్టా నెత్తిన వేసుకుని వచ్చేది. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చెప్పేది. అడ్డం తిరిగిందనిపిస్తే మొండికెయ్యకుండా “ఇది నా చేతిలో లేదు, బండి కట్టండి” అనేది. ఆ ఒక్క మాట వల్ల మా నడిపత్తయ్య బతికింది. పామర్రు దాకా ఎడ్లబండిలో, అక్కణ్ణుంచి కారులో బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కొంతకాలానికి ప్రభుత్వం వాళ్ళు ఆవిడలాంటి వాళ్ళకి శిక్షణ ఇచ్చి, అల్యూమినియం పెట్టె ఒకటి ఇచ్చారు. లోపల కత్తెర, దారం, సబ్బు, బ్రష్షు. దాన్ని ఆవిడ ఎంత తళతళా తోమి ఉంచుకునేదో. బొడ్డు కోసే ముందు కత్తెర మరిగించాలని, చేతులు మోచేతుల దాకా రుద్దుకోవాలని నాయనమ్మకి ఆవిడే పాఠం చెప్పింది.

కానీ ఆవిడకి మా ఇంట్లో చోటు ఆ రాత్రి వరకే. పడమటి గదిలో ఉన్నంతసేపూ నాయనమ్మతో సహా అందరూ ఆవిడ చెప్పినట్టు వినేవారు. తెల్లారాక ఆవిడకి ఇచ్చే చీర, చాటలో బియ్యం, పసుపు కుంకుమ, డబ్బులు పెరటి గుమ్మం బయటే. కాఫీ వేరే గ్లాసులో, దూళ్ళ కొట్టం పక్కన కూర్చుని తాగాలి. మమ్మల్నందరినీ భూమ్మీద మొదట ముట్టుకున్న చెయ్యి అది. అదే చెయ్యి మర్నాడు మా గడప తగలకూడదు. దివి పిన్నిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చిన మా నాయనమ్మే ఇదీ చేసింది. నాకు ఆవిడంటే ప్రాణం, అయినా ఇది తప్పు. ఎన్నేళ్ళు గడిచినా తప్పే. మా అమ్మ తన చివరి కాన్పు తర్వాత బారసాల నాడు మంత్రసాని మామ్మని వసారాలో పీట వేసి కూర్చోబెట్టి, బిడ్డని ఒళ్ళో పెట్టి, చీర తనే భుజాన కప్పింది. నాయనమ్మ చూసి ఏమీ అనలేదు. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలన్నారు. అమ్మ పట్టించుకోలేదు. మామ్మ మాత్రం ఆ పీట మీద చివరిదాకా సర్దుకుని కూర్చోలేకపోయింది.

*

పసిబిడ్డకి నీళ్ళు పోయడం చూడాలంటే మా పిల్లలందరం బడి ఎగ్గొట్టడానికైనా సిద్ధమే. పెరట్లో ఎండపడే చోట నాయనమ్మ చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు బార్లా చాపేది. రెండు కాళ్ళ మధ్య పల్లంలో బిడ్డని పడుకోబెట్టేది. మాడు మీద చెంచాడు ఆముదం పోసి అరచేత్తో అద్దేది. ఒంటికంతా గోరువెచ్చని నువ్వులనూనె. కుడిచెయ్యి ఎడమకాలికి, ఎడమచెయ్యి కుడికాలికి ఆనించి మెల్లగా సాగదీసేది. తర్వాత సున్నిపిండి ముద్ద చేసి వీపు మీద, నుదుటి మీద చిన్నగా దొర్లించేది, నూగు పోవాలని. పెద్ద గంగాళంలో కాగిన నీళ్ళు, బిందెలో చన్నీళ్ళు. తొలిపి, మోచేతి మీద పోసుకుని చూసి, అప్పుడు పొయ్యడం. మొదటి చెంబుకి గుక్కపెట్టి ఏడ్చినవాళ్ళు నాలుగో చెంబుకి నోరు తెరిచి అలా ఉండిపోయేవారు. ఆఖరి చెంబు నీళ్ళు మూడుసార్లు తల చుట్టూ తిప్పి పారబోసి, “శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు” అనేది. ఆ మాట మేం కూడా గట్టిగా అరిచేవాళ్ళం.

తర్వాత కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, దాని మీద వెదురు బుట్ట బోర్లించి, ఆ పొగ పైన బిడ్డ తల ఆరబెట్టేవారు. పాలు తాగి పడుకుంటే మళ్ళీ సాయంత్రం దాకా లేచేది కాదు. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా రానిచ్చేవారు కాదు. తాతయ్య దగ్గు వస్తే వాకిట్లోకి వెళ్ళి దగ్గేవాడు.

కాటుక పట్టడం పెద్దయ్యాక నా పని అయింది. పాత నూలుగుడ్డ గుంటగలగరాకు రసంలో తడిపి నీడన ఆరబెట్టి, అలా మళ్ళీ మళ్ళీ చేసి, దాన్ని వత్తి చెయ్యాలి. ప్రమిదలో ఆముదం పోసి వత్తి వెలిగించి, రెండు ఇటుకల మీద ఇత్తడి పళ్ళెం బోర్లించాలి. పళ్ళేనికి లోపల గంధం పూయాలి. రాత్రంతా వెలిగాక పొద్దున్న పళ్ళెం తిప్పి చూస్తే మెత్తటి నల్లని మసి. చాకుతో గీకి, వెన్న వేసి నూరి, భరిణెలోకి ఎత్తేదాన్ని. తలుపు సందు గాలికి దీపం ఆరిపోతుందేమోనని రాత్రి లేచి చూసుకునేదాన్ని. బుగ్గ మీద పెట్టే దిష్టిచుక్క ఆ కాటుకదే.

అమ్మకి ఆ రోజుల్లో చెవుల్లో దూది, నెత్తిన గుడ్డ. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, బీరకాయ, పొట్లకాయ. మంచినీళ్ళు కూడా కాచినవే, అవీ కొలిచినట్టు ఇచ్చేవారు. దాహంతో పెదాలు ఎండిపోయిన అమ్మ ముఖం నాకు గుర్తుంది. ఇప్పుడు బాలింతని బాగా నీళ్ళు తాగమంటున్నారు, మంచి పని. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యి వేసి చేసిన కాయం ఉండలు మాత్రం రోజూ పొద్దున్నే. మాకూ తలో చిటికెడు పెట్టేవారు, ఘాటుకి కళ్ళల్లో నీళ్ళొచ్చేవి, అయినా మళ్ళీ చెయ్యి చాపేవాళ్ళం. ఇంకొకటి, ఇంట్లో ఎంత చాకిరీ ఉన్నా ఎవరూ అమ్మని మూడో నెల దాకా నీళ్ళ బిందె ఎత్తనిచ్చేవారు కాదు. మూడొందల అరవై రోజులూ తెల్లవారుజామునే లేచే మనిషి అలా పడుకుని ఉండగా నేను చూసింది అప్పుడే.

*

కబుర్లు ఉత్తరాల్లో వెళ్ళేవి. కార్డుకి నాలుగు మూలలా పసుపు రాస్తే, పోస్టుమ్యాన్ చూడగానే “ఏంటి, పాపా బాబా?” అని అడిగేవాడు. దూరాన ఉన్న మామయ్యలకి టెలిగ్రాం. తిరుగు టెలిగ్రాముల్లో బిడ్డ పుట్టిన శుభాకాంక్షలకి విడిగా ఒక నంబరే ఉండేది. అది చెబితే చాలు, మాటలన్నీ రాయక్కర్లేదు. 2013లో టెలిగ్రాం ఆపేశారన్న రోజు తాతయ్య ట్రంకుపెట్టెలో ఆ కాగితాల కట్ట వెతికి చూశాను. మగపిల్లలు పుట్టినప్పుడు వెంటనే వచ్చిన టెలిగ్రాములున్నాయి, పెద్దత్తయ్యకి మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు మాత్రం ఉత్తరమే. ఆ పిల్లే తర్వాత పెద్దత్తయ్యని చివరిదాకా చూసుకుంది.

బారసాల ఇరవయ్యొకటో రోజున. అమ్మ తొలిసారి ముస్తాబై పెరట్లోకి వచ్చి, నూతికి పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్ళు తోడేది. పళ్ళెంలో బియ్యం పోసి నాన్న ఉంగరంతో పేరు రాసేవాడు. పేరంటాళ్ళు ఉయ్యాలకి అటూ ఇటూ నిలబడి పాటలు. నానబెట్టిన శనగలు, తమలపాకులు, అరటిపండు. తమ్ముడికి తాతయ్య పేరు పెట్టారు. కోడలు మామగారి పేరు పలకకూడదు కదా, అందుకని అమ్మ వాణ్ణి ఏనాడూ పేరుతో పిలవలేదు. చిన్నబాబు అంది. ఇల్లంతా చిన్నబాబు అన్నాం. బడిలో చేర్చినప్పుడు మాష్టారు అసలు పేరు పిలిస్తే వాడు పలకలేదు.

అక్కణ్ణుంచి ప్రతి దానికీ ఓ పిండివంట. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. వాడు బోర్లాపడతాడని పిల్లలం ఉయ్యాల చుట్టూ కాపలా కాసేవాళ్ళం, బొబ్బట్ల కోసం.

*

మా వీధిలో పెంటయ్య మామయ్య అని ఉండేవాడు. వాళ్ళమ్మకి ముందు పుట్టిన బిడ్డలెవరూ నిలవలేదు. ఇతను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేశారట. ఇలాంటి విలువ లేని పేరు పెడితే మృత్యువు కన్ను పడదని నమ్మకం. పుల్లయ్యలు, తవుడమ్మలు అలా వచ్చినవారే. మేం ఆ పేరుకి నవ్వితే నాయనమ్మ ఊరుకునేది కాదు. “వాళ్ళమ్మ ఎంత ఏడ్చి పెట్టుకున్న పేరో మీకేం తెలుసు?” అనేది. నాయనమ్మవి కూడా ఇద్దరు పోయారని, గుమ్మానికి వేపమండలు కట్టేటప్పుడు ఆవిడ ముఖం ఎందుకలా ఉండేదో అని, నేను తల్లినయ్యాక గానీ ఆలోచించలేదు.

అందుకే పాతవన్నీ బంగారమని నేను అనను. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసేవారు. ఇప్పుడు మా అమ్మాయికి బిడ్డ పుట్టిన మొదటి గంటలోనే నర్సు దగ్గరుండి ఆ పాలే పట్టించింది. పుట్టిన రోజే బీసీజీ, పోలియో చుక్కలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. డాక్టరమ్మ కళ్ళకి కాటుక వద్దంది, చెవుల్లో ముక్కుల్లో నూనె వద్దంది, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప వస, తేనె ఏమీ నోట్లో పెట్టొద్దంది. సరేనన్నాను. మా అల్లుడు సెలవు పెట్టి వచ్చి రాత్రిళ్ళు బిడ్డని భుజాన వేసుకుని తిరుగుతున్నాడు, గుడ్డలు మారుస్తున్నాడు. నూతి చుట్టూ తిరగడం తప్ప ఇంకేం చెయ్యాలో మా నాన్నకి ఎవరూ చెప్పలేదు. ఈ మార్పు చూస్తే నాకు కడుపు నిండుతుంది.

నేను బెంగపడేది ఒక్కదానికే. మా అమ్మాయి పాలిస్తూ ఫోను చూసుకుంటూ ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఇంట్లో ఉన్నది నలుగురం. చీర ఉయ్యాల కట్టడానికి దూలం లేదు సరే, ఉయ్యాల ఊపడానికి పోటీపడే పిల్లలేరి? నాలుగేళ్ళ పెద్ద మనవరాలు ఒక్కతే ఉంది. చెల్లిని మళ్ళీ ఆసుపత్రికి ఎప్పుడిచ్చేస్తామని అడిగింది. దానికి గుడ్డలు మడతపెట్టే పని ఇచ్చాను. “ఇది నీ పని, అమ్మ కూడా చెయ్యకూడదు” అన్నాను. ఇప్పుడు వాళ్ళ నాన్న మడత పెట్టబోతే లాక్కుంటోంది. రాత్రి నా పక్కన పడుకుంటోంది, వాళ్ళమ్మ చున్నీ ఒకటి పట్టుకుని.

బారసాల వచ్చే ఆదివారం. మా చిన్నత్తయ్యకి ఎనభై దాటాయి, బందరు నుంచి రైల్లో వస్తానని పట్టుబట్టింది. నీళ్ళు తనే పోస్తుందట. కింద కూర్చోలేదు కదా అంటే, స్టూలు వెయ్యండి అంటోంది. దివి పిన్ని కూతురు, వాళ్ళాయన, పెద్దత్తయ్య కూతురు, తమ్ముడి కుటుంబం అందరూ శనివారం రాత్రికే దిగుతున్నారు. పొద్దున ఫోన్లో చిన్నత్తయ్య అడిగింది: “మీ ఫ్లాటులో నాకు పక్కెక్కడ వేస్తావే?” మా అమ్మాయి, చంటిది, అత్తయ్య లోపలి గదిలో. పెద్ద మనవరాలు నేను హాల్లో, మా పక్కన పెద్దత్తయ్య కూతురు. అల్లుడూ తమ్ముడూ బాల్కనీ వైపు. పరుపులు చాలవు, పైఫ్లోరు వాళ్ళని రెండు అడగాలి, చాప ఒకటి కొనాలి, కాస్త పొడుగుది.